ఎలక్ట్రిక్ బాస్ గిటారులో ఏక, ద్వి పికప్ పద్ధతులు: నాదగుణ చరిత్ర - తెలుగు శ్రోత

వ్యాససంగ్రహం:

ఎలక్ట్రిక్ బాస్ గిటారు 1951లో ఒకే పికప్‌తో విపణిలోకి వచ్చింది. 1960 నాటికి రెండు పికప్‌ల నమూనా దాని సరసన నిలిచింది. ఒక పికప్ ఉన్న వాద్యానికి స్థిరమైన నాదం, రెండు పికప్‌లు ఉన్న వాద్యానికి బహుముఖీనత ఉంటాయనే అభిప్రాయం అప్పటినుంచి వాద్యకారులలో నాటుకుపోయింది. ఈ అభిప్రాయాన్ని చారిత్రకంగానూ, తంత్రీవాద్య ధ్వనిశాస్త్రం ఆధారంగానూ పరీక్షించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. పికప్‌ల సంఖ్య కన్నా తంత్రి మీద వాటి స్థానమే నాదగుణాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని, రెండింటినీ కలిపి మోగించినప్పుడు కొంత నాదం చేరినట్లే కొంత నాదం తొలగిపోతుందని ఇందులో నిరూపించడం జరిగింది. చిట్టమూరు వంటి నెల్లూరు తీరగ్రామాలలో చిన్న స్పీకర్ల ద్వారా సినిమాపాట విన్న శ్రోతకు చేరిన మంద్రాన్ని ఈ దృష్టితో విశ్లేషించి, తెలుగు సినిమాపాట పరిశోధనలో మంద్రస్థాయికి దక్కవలసిన స్థానాన్ని ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలకపదాలు: బాస్ గిటారు, పికప్, నాదగుణం, అనుస్వరాలు, యంగ్ నియమం, సి.వి. రామన్, తెలుగు సినిమాపాట, చిట్టమూరు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సినిమాపాట మీద విశ్వవిద్యాలయాలలో జరిగిన పరిశోధన ప్రధానంగా రెండు దారుల్లో సాగింది. ఒకటి సాహిత్యపరమైనది: కవి, పదబంధం, అలంకారం, సందర్భం. రెండవది రాగపరమైనది: పాటకు ఆధారమైన రాగం, దానిలో వచ్చిన అన్యస్వరం, గాయకుని గమకం. ఈ రెండు దారులూ పాటలోని పై అంతస్తును చూశాయి. పాటకు పునాదిగా నిలిచే మంద్రస్థాయి వాద్యం మీద దృష్టి తక్కువ. గ్రామఫోను రికార్డు అట్ట మీద గాయకులు, గేయకర్త, సంగీత దర్శకుల పేర్లు ఉండేవి. వాద్యకారుల పేర్లు సాధారణంగా ఉండేవి కావు. బాస్ గిటారు వాయించినవారి పేరు తెలిసే అవకాశం మరీ తక్కువ.

ఈ లోపం శ్రోత వైపు నుంచి చూస్తే మరింత స్పష్టమవుతుంది. చిట్టమూరు నెల్లూరు నగరానికి దక్షిణాన, చెన్నైకి ఉత్తరాన, పులికాట్ సరస్సుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. మద్రాసులో రికార్డయిన తెలుగు పాట ఇలాంటి ఊళ్లకు ప్రధానంగా రేడియో ద్వారా చేరింది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమయ్యాయి. 1957లో వివిధభారతి వచ్చింది. అరచేతి వెడల్పు స్పీకరు ఉన్న ట్రాన్సిస్టర్‌లో మంద్రవాద్యం ఎలా వినిపించింది, అసలు వినిపించిందా అనే ప్రశ్నకు సమాధానం బాస్ గిటారు నిర్మాణంలోనే ఉంది. ఆ నిర్మాణానికి కేంద్రం పికప్.

2. పూర్వరంగం: డబుల్ బాస్ నుంచి మెట్లున్న బాస్ వరకు:

పాశ్చాత్య వాద్యబృందంలో మంద్రస్థాయి బాధ్యత చాలాకాలం డబుల్ బాస్‌ది. మనిషి ఎత్తును మించిన ఈ వాద్యాన్ని నిలబడి వాయించాలి, దాన్ని మోసుకుపోవడం కష్టం. మెట్లు లేనందువల్ల స్వరస్థానం వాద్యకారుని చెవి మీదే ఆధారపడుతుంది. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు పెరిగిన బృందంలో దాని ధ్వని మునిగిపోయేది. 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన పాల్ టుట్‌మార్క్ ఆడియోవాక్స్ పేరుతో, గిటారులా అడ్డంగా పట్టుకొని వాయించే మెట్లున్న ఎలక్ట్రిక్ బాస్ తయారుచేశాడు. అది విస్తృతంగా వ్యాపించలేదు.

ఈ ఆలోచనను పరిశ్రమ స్థాయికి తెచ్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్. 1951లో ఆయన సంస్థ ప్రెసిషన్ బాస్ పేరుతో నాలుగు తంత్రుల వాద్యాన్ని విడుదల చేసింది. ప్రెసిషన్ అంటే ఖచ్చితత్వం. మెట్లు ఉండటంవల్ల స్వరం ఖచ్చితంగా పలుకుతుందనే అర్థంలో ఈ పేరు పెట్టారు. తంత్రి మోగే పొడవు 34 అంగుళాలు. వదులు తంత్రుల పౌనఃపున్యాలు మంద్రం నుంచి వరుసగా 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్. ఈ కొలతలు నేటికీ ప్రామాణికంగా ఉన్నాయి.

పికప్ పనిచేసే తీరు 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ మీద ఆధారపడింది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ వేల చుట్లు చుడతారు. ఇనుము లేదా నికెల్ కలిసిన తంత్రి ఆ అయస్కాంత క్షేత్రంలో కంపించినప్పుడు తీగచుట్టలో విద్యుత్సంకేతం పుడుతుంది. ఆంప్లిఫయరుకు చేరేది ఆ సంకేతమే. డబుల్ బాస్‌లో గాలిని కదిలించే పని చెక్కపెట్టెది. ఎలక్ట్రిక్ బాస్‌లో ఆ బాధ్యత స్పీకరుకు మారింది. కాబట్టి తంత్రి కదలికను ఎక్కడినుంచి గ్రహించాలి అనే కొత్త ప్రశ్న ఉదయించింది.

3. ఒకటి నుంచి రెండుకు: 1951-1961:

తొలి ప్రెసిషన్ బాస్‌లో నాలుగు తంత్రులకూ కలిపి ఒకే తీగచుట్ట ఉండేది. విద్యుత్ సరఫరానుంచి వచ్చే గుంయ్‌మనే రొదను కూడా అది గ్రహించేది. 1957లో ఫెండర్ సంస్థ దాన్ని రెండు ముక్కలుగా చీల్చింది. ఒక ముక్క కింది రెండు తంత్రులకు, మరొకటి పై రెండు తంత్రులకు. రెండింటి అయస్కాంత ధ్రువాలను, తీగచుట్టల దిశను పరస్పరం వ్యతిరేకంగా అమర్చడంవల్ల తంత్రుల సంకేతం నిలుస్తుంది, రొద మాత్రం రద్దవుతుంది. చూపుకు రెండుగా ఉన్నా ప్రతి తంత్రినీ ఒకేచోట గ్రహిస్తుంది కాబట్టి దీన్ని ఒకే పికప్‌గా పరిగణిస్తారు.

1960లో అదే సంస్థ జాజ్ బాస్‌ను తెచ్చింది. దీనికి రెండు పికప్‌లు: ఒకటి దండికి దగ్గరగా, మరొకటి గుర్రానికి దగ్గరగా. ప్రతి పికప్‌కు వేరే వాల్యూమ్ మర ఉండటంవల్ల వాద్యకారుడు రెండింటినీ తనకు నచ్చిన పాళ్లలో కలుపుకోవచ్చు. దండి కూడా సన్నబడింది.

ఈ మార్పు ఒక్క ఫెండర్ సంస్థకే పరిమితం కాలేదు. జర్మనీకి చెందిన హాఫ్నర్ సంస్థ 1950ల మధ్యలో వయొలిన్ ఆకారంలో తయారుచేసిన 500/1 నమూనాకు రెండు పికప్‌లు ఉన్నాయి. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నది ఈ నమూనానే. గిబ్సన్ సంస్థ 1953లో దండికి ఆనుకొని ఒకే పికప్ ఉన్న బాస్‌తో మొదలుపెట్టి, 1961లో ఈబీ-3 నమూనాతో రెండు పికప్‌లకు వచ్చింది. రికెన్‌బాకర్ సంస్థ 1957 నాటి 4000 నమూనాకు ఒక పికప్, 1961 నాటి 4001 నమూనాకు రెండు పికప్‌లు అమర్చింది. పదేళ్లలో ప్రధాన తయారీదారులందరూ రెండు పికప్‌ల దారికి వచ్చారు. అయినా ఒక పికప్ వాద్యం తెరమరుగు కాలేదు. సాంకేతిక చరిత్రలో సాధారణంగా కొత్తది పాతదాన్ని తొలగిస్తుంది. ఇక్కడ రెండూ నేటివరకు పక్కపక్కనే కొనసాగాయి. ఎందుకనేది ధ్వనిశాస్త్రం చెబుతుంది.

4. స్థానమే నాదం: యంగ్ నియమం, రామన్ పరిశోధన:

మీటిన తంత్రి ఒకే పౌనఃపున్యంతో కంపించదు. ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలుగల అనుస్వరాలు కూడా మోగుతాయి. ఏ అనుస్వరం ఎంత బలంగా ఉందనేదే నాదగుణం. ప్రతి అనుస్వరానికీ తంత్రి మీద కదలిక లేని అస్పందన బిందువులు ఉంటాయి. తంత్రిని ఆ బిందువు వద్ద మీటితే ఆ అనుస్వరం పుట్టదని 1800లో థామస్ యంగ్ గుర్తించాడు. తరువాత హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని విస్తరించాడు. అందుకే దీనికి యంగ్-హెల్మ్‌హోల్ట్జ్ నియమమని పేరు.

ఈ నియమానికి భారతీయ వాద్యాలు మినహాయింపు అని చూపినవాడు సర్ సి.వి. రామన్. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాల మీద ప్రచురించిన పరిశోధనపత్రంలో తంబుర, వీణలను పరిశీలించాడు. తంబురలో గుర్రం పైభాగం వెడల్పుగా, వంపుగా ఉంటుంది. తంత్రికీ గుర్రానికీ మధ్య జీవా దారం ఉంచుతారు. తంత్రి కంపించేటప్పుడు ఆ వంపును తాకుతూ విడుతూ ఉంటుంది. ఫలితంగా అస్పందన బిందువు వద్ద మీటినా ఆ అనుస్వరం కూడా బలంగా వినిపిస్తుందని రామన్ గమనించాడు. వీణ గుర్రం మీద ఉండే వంపు తిరిగిన లోహపు రేకు కూడా ఇలాంటి పనే చేస్తుంది.

బాస్ గిటారు గుర్రానికి ఈ వంపు లేదు. తంత్రి ఒక సన్నని అంచు మీద ఆనుతుంది. కాబట్టి ఇది యంగ్ నియమానికి లోబడిన వాద్యం. మీటే స్థానానికి వర్తించే సూత్రమే గ్రహించే స్థానానికీ వర్తిస్తుంది. ఒక అనుస్వరం అస్పందన బిందువు కింద పికప్ ఉంటే ఆ అనుస్వరం పికప్‌కు చేరదు. గుర్రం నుంచి తంత్రి పొడవులో ఆరోవంతు దూరంలో, అంటే సుమారు 5.7 అంగుళాల వద్ద పికప్ ఉంటే వదులు తంత్రి ఆరవ అనుస్వరం దానికి చేరదు. అదే తంత్రిని 12వ మెట్టు వద్ద నొక్కితే మోగే పొడవు సగమవుతుంది. అప్పుడు అదే పికప్ మూడోవంతు దూరంలో ఉన్నట్లవుతుంది, మూడవ అనుస్వరం తప్పిపోతుంది. తంబుర విషయంలో శ్రుతి సరిచేశాక నాదగుణాన్ని తీర్చేది జీవా. బాస్ గిటారు విషయంలో ఆ బాధ్యతలో పెద్దభాగాన్ని తయారీదారుడు పికప్ స్థానం నిర్ణయించే క్షణంలోనే తీసుకుంటాడు.

5. రెండు పికప్‌లు కలిసినప్పుడు: ఒక గణన:

ఆదర్శ తంత్రిని ఊహించి గణించితే విషయం స్పష్టమవుతుంది. మొదటి పికప్ గుర్రం నుంచి తంత్రి పొడవులో 1/6 దూరంలో, రెండవది 1/14 దూరంలో ఉన్నాయనుకోవాలి. 34 అంగుళాల తంత్రికి ఇవి సుమారు 5.7, 2.4 అంగుళాలు. ఇవి జాజ్ బాస్ పికప్ స్థానాలకు దగ్గరగా ఉన్న కొలతలు. ప్రెసిషన్ బాస్ పికప్ కూడా మొదటి స్థానం పరిసరాలలోనే ఉంటుంది. తంత్రి మీద అన్ని అనుస్వరాలూ సమబలంతో ఉన్నాయని భావిస్తే, అత్యంత మంద్ర తంత్రి వదులుగా మోగినప్పుడు ఒక్కో పికప్ గ్రహించే పాలు ఇలా ఉంటాయి. ఋణగుర్తు వ్యతిరేక దిశను సూచిస్తుంది.

| అనుస్వరం | పౌనఃపున్యం (హెర్ట్జ్) | మొదటి పికప్ | రెండవ పికప్ | రెండూ కలిసి |
|---|---|---|---|---|
| 1 | 41 | 0.50 | 0.22 | 0.72 |
| 3 | 124 | 1.00 | 0.62 | 1.62 |
| 6 | 247 | 0 | 0.97 | 0.97 |
| 8 | 330 | -0.87 | 0.97 | 0.11 |
| 9 | 371 | -1.00 | 0.90 | -0.10 |
| 10 | 412 | -0.87 | 0.78 | -0.08 |
| 12 | 494 | 0 | 0.43 | 0.43 |

ఈ పట్టికలో మూడు విషయాలు గమనించదగినవి. మొదటిది, ప్రాథమిక స్వరాన్ని మొదటి పికప్ రెండవదానికన్నా రెట్టింపుకు పైగా గ్రహిస్తుంది. గుర్రానికి దగ్గరగా ఉన్న పికప్ నాదం పలుచగా, కొంత ముక్కుతో పలికినట్లు ఉండటానికి కారణం ఇదే. రెండవది, మొదటి పికప్ కోల్పోయిన ఆరవ అనుస్వరాన్ని రెండవది భర్తీచేస్తుంది. రెండు పికప్‌ల పద్ధతికి అనుకూలంగా చెప్పే వాదనకు ఇది బలం. మూడవది అంతగా చర్చకు రానిది: 8, 9, 10 అనుస్వరాలను రెండు పికప్‌లూ విడివిడిగా బలంగానే గ్రహిస్తాయి, కాని కలిసినప్పుడు ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా రద్దుచేసుకుంటాయి. ఈ తంత్రి మీద ఏ మెట్టు నొక్కినా అనుస్వరం సంఖ్య మారుతుందే తప్ప, రద్దయ్యే ప్రాంతం సుమారు 330 నుంచి 440 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. పై తంత్రులలో అది తంత్రి శ్రుతికి తగినట్లు పైకి జరుగుతుంది.

నిజమైన వాద్యంలో మీటే స్థానం, తంత్రి బిగువు, పికప్ వెడల్పు ఈ అంకెలను కొంత మారుస్తాయి. సారం మాత్రం మారదు. రెండు పికప్‌లు కలిస్తే నాదం రెట్టింపు కాదు. అడుగుభాగం, పైభాగం నిలిచి మధ్యభాగం లోతుకు పోయిన మూడో నాదం పుడుతుంది.

6. చిట్టమూరు శ్రోత, చిన్న స్పీకరు:

ట్రాన్సిస్టర్ రేడియోలోని మూడు నాలుగు అంగుళాల స్పీకరు 150 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వనిని చాలా బలహీనంగా మాత్రమే పలికించగలదు. మీడియం వేవ్ ప్రసారంలో ఎగువభాగం కూడా సుమారు 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. బాస్ గిటారు వదులు తంత్రుల ప్రాథమిక పౌనఃపున్యాలన్నీ వంద హెర్ట్జ్ లోపువే. అంటే చిట్టమూరులో రేడియో ముందు కూర్చున్న శ్రోతకు ఆ స్వరాల ప్రాథమిక కంపనం భౌతికంగా చేరలేదు.

అయినా ఆ శ్రోత మంద్రస్వరాన్ని గుర్తించగలడు. కారణం మానవ శ్రవణస్వభావం. ప్రాథమిక స్వరం లేకపోయినా దాని అనుస్వరాల శ్రేణి వినిపిస్తే మెదడు ఆ ప్రాథమిక శ్రుతినే గ్రహిస్తుంది. 1840ల ప్రారంభంలో ఆగస్ట్ జీబెక్ ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా చూపాడు. 1940 ప్రాంతంలో హాలండ్‌కు చెందిన స్కౌటెన్ దీన్ని మళ్లీ చర్చకు తెచ్చాడు. కాబట్టి గ్రామీణ శ్రోతకు బాస్ అంటే 150 నుంచి కొన్ని వందల హెర్ట్జ్ మధ్యనున్న అనుస్వరాలే.

ఈ వెలుగులో ముందటి పట్టికను చూస్తే పికప్‌ల చర్చ కొత్త అర్థాన్ని సంతరించుకుంటుంది. రెండు పికప్‌లను సమానంగా కలిపినప్పుడు బలహీనపడే 330-440 హెర్ట్జ్ ప్రాంతం చిన్న స్పీకరు బాగా పలికించగల ప్రాంతం. ఒకే పికప్ వాద్యం లేదా రెండింటిలో ఒక పికప్‌ను మాత్రమే తెరిచిన వాద్యం ఆ ప్రాంతాన్ని నింపుతుంది. మంచి స్పీకర్లున్న గదిలో నిండుగా వినిపించిన మిశ్రమ నాదం ఊరి రేడియోలో వెనక్కి తగ్గవచ్చు. గదిలో సాదాగా తోచిన ఏక పికప్ నాదం రేడియోలో పాట నడకను స్పష్టంగా పట్టి చూపవచ్చు.

దీనికి సమాంతరమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ తన పాటలను కారు రేడియో స్పీకరు వంటి చిన్న స్పీకరు మీద కూడా విని పరీక్షించేదని ప్రసిద్ధి. ఆ సంస్థ పాటలలో 1960ల పొడవునా ప్రధాన బాస్ వాద్యకారుడైన జేమ్స్ జేమర్సన్ వాడింది ఒకే పికప్ ఉన్న ప్రెసిషన్ బాస్. ఎంతో చలనశీలమైన ఆయన మంద్రరేఖలు చిన్న స్పీకరులోనూ నిలవడానికి ఆయన చేతితోపాటు ఆ వాద్యపు మధ్యస్థాయి బలం కూడా తోడ్పడింది.

7. బహుముఖీనత: వాగ్దానం, ఆచరణ:

రెండు పికప్‌ల వాద్యం మూడు మౌలిక నాదాలను ఇస్తుంది: మొదటిది ఒంటరిగా, రెండవది ఒంటరిగా, రెండూ కలిసి. వీటి మధ్య లెక్కలేనన్ని పాళ్లు. ఒక పికప్ వాద్యానికి ఉన్నది టోన్ మర మాత్రమే. అది పై పౌనఃపున్యాలను తగ్గించగలదు, లేని అనుస్వరాన్ని తేలేదు. ఈ మేరకు బహుముఖీనత వాదన సరైనదే.

ఆచరణలో మాత్రం ప్రసిద్ధ వాద్యకారులు ఒక స్థానాన్ని ఎన్నుకొని దానినే తమ గొంతుగా మలచుకున్నారు. జాకో పాస్టోరియస్ 1962 నాటి జాజ్ బాస్ మెట్లు తొలగించి, గుర్రం దగ్గరి పికప్‌కు ప్రాధాన్యమిచ్చాడు. 1976లో వెలువడిన తొలి ఆల్బమ్‌తో ఆ గానసదృశ నాదం ఆయన పేరుతో ముడిపడింది. 1977 నాటి జాజ్ బాస్ వాయించే మార్కస్ మిల్లర్ బొటనవేలి దెబ్బకు రెండు పికప్‌ల మిశ్రమ నాదం పర్యాయపదమైంది. ఒకే నమూనాకు చెందిన రెండు వాద్యాలు రెండు వేర్వేరు ఏకముఖ నాదాలుగా స్థిరపడ్డాయి. రెండవ పికప్ ఎంపికకు అవకాశం ఇచ్చింది. ఎంపిక జరిగాక వాద్యకారుడు దాన్ని తరచూ మార్చలేదు.

1976లో మ్యూజిక్ మ్యాన్ సంస్థ తెచ్చిన స్టింగ్‌రే బాస్ ఈ చర్చకు మరో కోణం. ఫెండర్ సంస్థను 1965లో అమ్మివేసిన తరువాత లియో ఫెండర్ పాలుపంచుకున్న వాద్యమిది. దీనికి ఉన్నది ఒకే పికప్, కాని రెండు తీగచుట్టలతో రొదను రద్దుచేసే రకం. దాన్ని గుర్రం వైపు జరిపి, బ్యాటరీతో పనిచేసే స్వరనియంత్రణను జోడించారు. సంఖ్య ఒకటే అయినా స్థానం, విద్యుద్విన్యాసం మారడంతో ప్రెసిషన్ బాస్‌తో పోలికలేని నాదం వచ్చింది. పికప్‌ల సంఖ్యతో నాదాన్ని వర్గీకరించడం ఎంత అసమగ్రమో దీనివల్ల తేలుతుంది.

రొద విషయం భారతదేశంలో మరింత ముఖ్యం. ఇక్కడి విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. ఆ రొద, దాని అనుస్వరాలు బాస్ గిటారు పలికే ప్రాంతంలోనే పడతాయి. జాజ్ బాస్‌లో రెండు పికప్‌లూ సమానంగా తెరిచినప్పుడే రొద రద్దవుతుంది. ఒకదాన్ని తగ్గిస్తే రొద తిరిగివస్తుంది. అంటే ద్వి పికప్ వాద్యం తన బహుముఖీనతను వినియోగించుకున్న ప్రతిసారీ నిశ్శబ్దాన్ని కొంత వదులుకోవాలి. 1957 తరువాతి ప్రెసిషన్ బాస్‌కు ఈ ఇబ్బంది లేదు. జనరేటరు మీద నడిచే తిరునాళ్ల వేదిక, ఎర్తింగ్ సరిగాలేని పెళ్లిపందిరి వంటి చోట్ల ఈ తేడా వాద్యకారునికి నాదగుణం కన్నా ముందుగా ఎదురవుతుంది.

8. మద్రాసు స్టూడియో, తెలుగు పాట, పేరులేని మంద్రం:

పికప్ అనే సాధనం తెలుగువారి సంగీతానికి పరాయిది కాదు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ యు. శ్రీనివాస్ జంట తంత్రుల మాండలిన్ స్థానంలో అయిదు ఒంటి తంత్రుల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. మామూలు మాండలిన్ నాదం త్వరగా ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలోని గమకానికి నిలిచే నాదం కావాలి. పికప్, ఆంప్లిఫయరు ఆ నిలకడను ఇచ్చాయి. సంగీతావసరమే వాద్యనిర్మాణాన్ని నిర్దేశించిన సందర్భమిది.

సినిమాపాట విషయంలోనూ అవసరమే బాస్ గిటారుకు తలుపు తెరిచింది. నెల్లూరులో బాల్యం గడిపిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథా కళాకారుడు. హరికథ సంప్రదాయంలో శ్రుతి అంటే మారని ఆధారం. అదే బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో నడిపిన లలితసంగీత బృందంలో ఇళయరాజా గిటారు, తరువాత హార్మోనియం వాయించాడు. గంగై అమరన్ గిటారు, భాస్కర్ లయవాద్యం చూసేవారు. ఈ తరం చేతుల్లో సినిమాపాట ఆధారస్వరం మారని శ్రుతిగా మిగలక, పాటతోపాటు నడిచే రెండవ రాగరేఖగా మారింది.

ధన్‌రాజ్ మాస్టారు వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చిన ఇళయరాజా 1976లో సంగీత దర్శకుడయ్యాక బాస్ గిటారుకు స్వతంత్ర గమనాన్నిచ్చాడు. ఆయన బృందంలో దీర్ఘకాలం బాస్ గిటారు వాయించినవారు శశిధరన్. సాగరసంగమం (1983), గీతాంజలి (1989), జగదేకవీరుడు అతిలోకసుందరి (1990) వంటి చిత్రాల ద్వారా ఇళయరాజా సంగీతం తెలుగు ఇళ్లకు చేరింది. ఆ పాటలను విన్నవారిలో శశిధరన్ పేరు తెలిసినవారు బహు కొద్దిమంది. 1980ల నుంచి సింథసైజరు మంద్రస్వరాలు కూడా వాడుకలోకి రావడంతో, ఒక పాటలో మోగింది తంత్రి మంద్రమా, యంత్ర మంద్రమా అనే ప్రశ్న కూడా చేరింది.

ఇక్కడ పికప్‌ల చర్చ పరిశోధనా పద్ధతిగా ఉపయోగపడుతుంది. పాట మూల రికార్డింగును వర్ణపట విశ్లేషణకు గురిచేసి, మంద్రతంత్రి స్వరాలలో 330-440 హెర్ట్జ్ ప్రాంతం నిండుగా ఉందో, లోతుగా పడిందో చూడవచ్చు. వేర్వేరు స్వరాలలోనూ ఆ లోయ ఒకేచోట కనిపిస్తే రెండు పికప్‌ల మిశ్రమాన్ని అనుమానించవచ్చు. ఈ ఒక్క ఆధారంతో నిర్ణయానికి రాకూడదు. రికార్డింగు ఇంజినీరు చేసిన స్వరనియంత్రణ, మీటే చేయి కూడా ఇలాంటి జాడలే వదలగలవు. వాద్యకారుల మౌఖిక సాక్ష్యం, స్టూడియో ఛాయాచిత్రాలు దీనికి తోడు కావాలి. ఆ సాక్ష్యాన్ని చెప్పగల తరం వయసు పైబడుతున్నది.

మరో చిక్కు కూడా ఉంది. పాత పాటలను మళ్లీ విడుదల చేసేటప్పుడు నేటి శ్రోత అభిరుచికోసం మంద్రస్థాయిని కృత్రిమంగా పెంచితే, మూలనాదంలోని పాళ్లు చెరిగిపోతాయి. శిలాశాసనం అక్షరాలను రంగువేసి దిద్దితే ప్రతిమ తీసే పరిశోధకునికి కలిగే నష్టం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అందువల్ల విశ్లేషణకు మూల గ్రామఫోను రికార్డు, తొలి క్యాసెట్టు ప్రధానాధారాలు కావాలి.

9. ముగింపు:

- ఒక పికప్ నుంచి రెండు పికప్‌లకు జరిగిన ప్రయాణం 1951-1961 మధ్య ప్రధాన తయారీదారులందరిలో కనిపిస్తుంది. అయినా ఏక పికప్ వాద్యం నిలిచింది, ఎందుకంటే అది ఇచ్చే నాదం మిశ్రమంలో లభించదు.
- నాదగుణాన్ని నిర్ణయించడంలో పికప్‌ల సంఖ్య కన్నా తంత్రి మీద వాటి స్థానం ముఖ్యం. బాస్ గిటారు యంగ్ నియమానికి లోబడుతుంది. తంబుర, వీణలు ఎందుకు లోబడవో రామన్ 1921లోనే చూపాడు. ఈ తులనాత్మక దృష్టి తెలుగు సంగీత విద్యార్థికి సహజంగా అందుబాటులో ఉంది.
- రెండు పికప్‌లను సమానంగా కలిపితే మంద్రతంత్రి 330-440 హెర్ట్జ్ ప్రాంతం బలహీనపడుతుంది. బహుముఖీనతకు చెల్లించే మూల్యాలలో ఇది ఒకటి, రొద మరొకటి.
- పలు శైలులు వాయించవలసిన, ఒకే వాద్యం కొనగల బృందానికి రెండు పికప్‌ల వాద్యం అనుకూలం. విద్యుత్ సరఫరా నమ్మకంలేని వేదికల మీద, చిన్న స్పీకర్ల ముందు స్పష్టత కోరేవారికి రొద రద్దుచేసే ఏక పికప్ వాద్యం మేలు.
- చిట్టమూరు శ్రోత విన్న మంద్రం స్టూడియోలో మోగిన మంద్రం కాదు. అనుస్వరాల ఆధారంగా ఆ శ్రోత చెవి తనకుతానుగా నిర్మించుకున్నది. తెలుగు సినిమాపాట చరిత్ర ఈ శ్రవణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పాటకు పునాది వేసిన వాద్యకారుల పేర్లను, వాద్యాల వివరాలను సేకరించి నమోదుచేయడం విశ్వవిద్యాలయ సంగీత, చరిత్ర శాఖల ముందున్న తక్షణ కర్తవ్యం.